యంత్రం లెక్క చెబుతుంది, న్యాయం మనిషే చెప్పాలి

చిన్న వ్యాపారి జీవితంలో గత పదేళ్లు తెచ్చినన్ని మార్పులు అంతకుముందు రెండు తరాల్లోనూ రాలేదు. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. అదే ఏడాది నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ అమల్లోకి వచ్చింది. 2020లో కరోనా దుకాణాల తలుపులు మూయించి, అమ్మకాన్ని ఫోన్‌లోకి నెట్టింది. తండ్రి పక్కన కూర్చొని తూకం, బేరం, ఉద్దెర ఖాతా నేర్చుకున్న మనిషి ఈ నాలుగేళ్లలోనే క్యూఆర్ కోడ్, ఓటీపీ, ఆన్‌లైన్ రిటర్ను, రేటింగ్ అన్న మాటలకు అలవాటు పడవలసి వచ్చింది. ఇది అతనికి కావాలా అని ఎవరూ అడగలేదు. వచ్చాక ఇది ఎలా పనిచేస్తుందో కూర్చోబెట్టి చెప్పినవారూ లేరు.

వ్యాపారంలో సాంకేతికత అవసరమా కాదా అన్న చర్చకు కాలం చెల్లింది. అవసరమే. కానీ ఒక కొత్త సాధనం దుకాణంలోకి అడుగుపెట్టినప్పుడు మూడు ప్రశ్నలు తప్పక వేసుకోవాలి. దాన్ని అర్థం చేసుకున్నది ఎవరు? దానివల్ల మిగిలే లాభం ఎవరికి చేరుతోంది? అది పొరబడినప్పుడు శిక్ష ఎవరి మీద పడుతోంది? ఈ మూడింటికీ సరైన సమాధానం లేని చోట ఎంత ఖరీదైన యంత్రాన్ని తెచ్చి పెట్టినా అది వ్యాపారాన్ని బాగుచేయదు. బలవంతుడి చేతిని మరింత బలంగా చేస్తుంది, అంతే.

ఈ ప్రశ్నలు అందరివీ అయినా ముస్లిం కుటుంబాలకు మరింత దగ్గరివి. 2006లో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లిం శ్రామికుల్లో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధి మీదనే బతుకుతున్నారని, హిందూ శ్రామికుల్లో ఆ వాటా 55 శాతమని తెలిపింది. నెల జీతం, భవిష్యనిధి, సెలవు అన్నవి లేని బతుకులు మనవి. తోపుడుబండి, మెకానిక్ షెడ్డు, దర్జీ దుకాణం, ఆటో, ఇంట్లో చేసే కుట్టుపని మన ఆధారాలు. ఇలాంటి చోట సాంకేతికత వేసే ప్రతి అడుగు నేరుగా పొయ్యి మీది గిన్నెను తాకుతుంది.

గల్లా పెట్టె పక్కన సౌండ్ బాక్స్

మంచి సాంకేతికత ఎలా ఉంటుందో చూడాలంటే ఏ టీ కొట్టు ముందైనా నిలబడితే చాలు. సొమ్ము జమ కాగానే గట్టిగా ప్రకటించే చిన్న పెట్టె అక్కడ ఉంటుంది. రద్దీలో రెండు చేతులతో పనిచేసేవాడు ప్రతి చెల్లింపుకూ ఫోన్ చూసుకోలేడు. ఆ సందు చూసుకొని కొందరు దొంగ స్క్రీన్‌షాట్ చూపి సరుకు పట్టుకుపోయారు. చదువు రాని వ్యాపారికి కూడా పనికివచ్చేలా, అతని భాషలో మాట్లాడే పెట్టె వచ్చాక ఆ మోసానికి చాలావరకు అడ్డుకట్ట పడింది. వాడే మనిషి ఎక్కడ నిలబడతాడో, అతని చేతులు ఏ పనిలో ఉంటాయో, అతనికి ఏ భయం ఉందో ఆలోచించి చేసిన వస్తువు కాబట్టి అది నిలిచింది.

ఆలోచించకుండా వాడితే ఏమవుతుందో కూడా మన పక్క రాష్ట్రంలోనే చూశాం. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ ద్వారా వచ్చిన మొత్తాలను ఆధారంగా చేసుకొని వేలాది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. హావేరి పట్టణంలో ఒక కూరగాయల వ్యాపారికి దాదాపు 29 లక్షల రూపాయలు కట్టమని తాఖీదు వచ్చింది. తాజా కూరగాయలకు అసలు పన్నే లేదు. ఖాతాలో ఎంత జమ అయిందో యంత్రానికి తెలుసు. అందులో పన్ను లేని సరుకు ఎంత, తమ్ముడు పంపిన అప్పు ఎంత, చిట్టీ పాడిన సొమ్ము ఎంత అన్నది దానికి తెలియదు. బెంగళూరు వీధుల్లో క్యూఆర్ కోడ్‌లు తీసేసి, నగదు మాత్రమే తీసుకుంటామని కాగితాలు అంటించిన దుకాణాలు కనిపించాయి. చివరకు ముఖ్యమంత్రి జోక్యం చేసుకొని వ్యాపారులకు ఊరట మాట చెప్పవలసి వచ్చింది. ఏళ్ల తరబడి అలవాటు చేసిన నమ్మకం కొన్ని వారాల్లో బీటలు వారింది.

మన వ్యాపారులు దీన్నుంచి నేర్చుకోవలసింది ఉంది. సరుకులు అమ్మేవారికి జీఎస్టీ నమోదు తప్పనిసరయ్యే వార్షిక టర్నోవర్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయలైతే, తెలంగాణలో 20 లక్షలే. సేవలకు రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలు. రోజుకు ఐదున్నర వేల అమ్మకం ఉన్న దుకాణం తెలంగాణలో ఆ గీత దాటినట్టే. లాభం ఎంత అన్నది ఇక్కడ లెక్కకు రాదు. కర్నూలులోని బంధువు చెప్పిన పరిమితిని నమ్మి మహబూబ్‌నగర్‌లో వ్యాపారం చేస్తే నోటీసు వచ్చేదాకా విషయం తెలియదు. కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారులకు ఒక శాతం పన్నుతో సరిపెట్టే కాంపొజిషన్ పథకం ఉందన్న సంగతీ చాలామందికి తెలియదు. ఇంటి సొమ్ము, దుకాణం సొమ్ము ఒకే ఖాతాలో కలిపే అలవాటు మనలో ఎక్కువ. యంత్రానికి అర్థమయ్యేలా మాట్లాడే మొదటి మార్గం ఆ రెంటినీ వేరు చేయడమే.

ఇంకో బాధ కొత్తగా వచ్చింది. ఎక్కడో జరిగిన సైబర్ మోసంలోని సొమ్ము చేతులు మారి మారి ఒక దుకాణంలో ఖర్చయితే, ఆ దుకాణదారు ఖాతా స్తంభించిపోతోంది. బిర్యానీ తిని డబ్బులు ఇచ్చినవాడి చరిత్ర హోటల్ యజమానికి ఎలా తెలుస్తుంది? ఖాతా ఆగినవాడు బ్యాంకుకు వెళితే పోలీసు నోటీసు ఉందంటారు. ఆ పోలీసు స్టేషన్ వేరే రాష్ట్రంలో ఉంటుంది. నేరస్థుణ్ణి పట్టుకోవడానికి ఈ ఏర్పాటు అవసరమే. అయితే అనుమానిత మొత్తాన్ని మాత్రమే నిలిపి మిగతా ఖాతాను నడవనివ్వడం, వ్యాపారి తన బిల్లు చూపించి దగ్గరలోనే విముక్తి పొందే దారి ఉండడం అంతకంటే ఎక్కువ అవసరం.

మన కొట్లలోని మనుషులు

ప్రభుత్వాన్ని అడగడం ఎంత న్యాయమో, మన దుకాణాల లోపలికి చూసుకోవడం కూడా అంతే న్యాయం. కంప్యూటర్ బిల్లింగ్ పెట్టిన రోజునే ముప్పై ఏళ్లుగా చిట్టా రాస్తున్న గుమాస్తాను ఇంటికి పంపే యజమానులు మనలో ఉన్నారు. ఏ గిరాకీ పంట చేతికొచ్చాక అప్పు తీరుస్తాడు, ఏ ఇంట్లో పెళ్లి ఉంది, ఏ సరుకు ఎండాకాలంలో కదలదు అన్నది ఆ పెద్దాయన తలలో ఉంటుంది. కంప్యూటర్‌కు ఆ జ్ఞానాన్ని అందించేది ఆయనే. ఆయన పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టి ఆరు నెలలు ఇద్దరితో పని చేయిస్తే పెద్దాయన అనుభవం లెక్కల్లోకి ఎక్కుతుంది, కుర్రవాడికి వ్యాపారం తెలుస్తుంది. అంత ఓపిక లేని చోట ఖరీదైన సాఫ్ట్‌వేర్ కేవలం బిల్లులు అచ్చువేసే యంత్రంగా మిగులుతుంది.

పనివాళ్ల తల మీద కెమెరా పెట్టి, దాన్ని ఫోన్‌లో చూస్తూ ఇంటి నుంచి మందలించడం సాంకేతికతను బాగా వాడుకోవడం కాదు. కెమెరా ఎందుకు పెట్టామో పనివాళ్లకు ముందే చెప్పాలి. అదే యజమాని జీతాన్ని ఒకటో తేదీన ఖాతాలో వేస్తే ఆ పనివాడికి ఆదాయానికి ఆధారం దొరుకుతుంది, రేపు అప్పు అడగడానికి, అద్దె ఇల్లు చూసుకోవడానికి పనికివస్తుంది. చేతిలో ఉన్న సాధనం ఒకటే. దాన్ని నిఘాకు వాడతామా, గౌరవానికి వాడతామా అన్నది మన నిర్ణయం.

పిన్‌కోడ్ మోసే పాత మచ్చ

యంత్రానికి మతం లేదు కాబట్టి వివక్ష ఉండదని ఒక వాదన ఉంది. అందులో కొంత నిజం ఉంది. యూపీఐ ఎవరి పేరు చూసి సొమ్ము ఆపదు. బజారులో కూర్చోలేని ఆడపిల్ల ఇంట్లో నుంచే తన సరుకును దూరప్రాంతాలకు అమ్ముకోగలుగుతోంది. ఈ మేలును తక్కువ చేయకూడదు. కానీ యంత్రం తనంతట తాను తీర్పు చెప్పదు, మనుషులు ఇంతకాలం చేసిన నిర్ణయాల నుంచి నేర్చుకొని చెబుతుంది. ఆ నిర్ణయాలు ఎలా ఉండేవో సచార్ కమిటీ అప్పుడే రాసింది. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు ప్రతికూల మండలాలుగా గుర్తించి, అక్కడివారికి రుణాలు, ఇతర సేవలు సులభంగా అందనివ్వలేదని ఆ నివేదిక ఎత్తిచూపింది.

అప్పుడు ఒక మేనేజరు మనసులో ఉన్న గీత ఇప్పుడు లెక్కల సూత్రంలోకి చేరితే దాన్ని పట్టుకోవడం మరింత కష్టం. వెనుక రుణాలే ఇవ్వని ప్రాంతంలో రుణ చరిత్ర ఎలా ఉంటుంది? చరిత్ర లేదు కనుక స్కోరు తక్కువ, స్కోరు తక్కువ కనుక అప్పు లేదు. మేనేజరు అయితే ఎదురుగా కూర్చొని వాదించవచ్చు. తెర మీద తిరస్కరించినట్టు ఒక్క వాక్యం వచ్చాక ఎవరితో వాదించాలి? అందుకే రుణం నిరాకరించినప్పుడు కారణాన్ని రాతపూర్వకంగా, అర్థమయ్యే భాషలో చెప్పాలన్న డిమాండ్‌ను హక్కుల సంఘాలు గట్టిగా చేయాలి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉర్దూ రెండో అధికార భాష. ఆ హోదా కార్యాలయాల బోర్డుల దగ్గరే ఆగిపోకుండా రుణపత్రం దాకా రావాలి.

బ్యాంకు తలుపు మూసుకున్నవాడు ఎటు వెళ్తాడో 2020 చివర్లో హైదరాబాద్ చూసింది. నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్‌లు, ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కొని బంధువులందరికీ ఫోన్ చేసి పరువు తీస్తే, ఆ వేధింపు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. ఆ తర్వాత 2022 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చింది. రుణం నేరుగా అప్పు తీసుకున్నవాడి ఖాతాలోనే పడాలి, మొత్తం ఖర్చు ఎంతో ముందే ఒక పత్రంలో చెప్పాలి, అనుమతి లేకుండా ఫోన్‌లోని సమాచారం తీసుకోకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. మన కుటుంబాలు ఈ మూడు మాటలు తెలుసుకుంటే చాలా ఇళ్లు నిలబడతాయి.

గాజు చేసిన చేయి

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. లాడ్ బజారు దుకాణాల్లో మెరిసే ఆ గాజు వెనుక పాతబస్తీ ఇరుకు గదుల్లో బొగ్గుల వేడి దగ్గర కూర్చొని లక్క కరిగించి, వలయంగా చుట్టి, అది చల్లారేలోపు ఒక్కొక్క రాయిని చేత్తో అద్దే మనిషి ఉంది. ఆ మనుషుల్లో ఎందరో స్త్రీలు. మగ్గం పనిచేసే అమ్మాయిల పరిస్థితీ అంతే. బ్లౌజు మీద జరీ పువ్వు పూయించినామె పేరు ఆ బ్లౌజు తొడుక్కున్నామెకు తెలియదు.

ఇప్పుడు ఆ గాజుల ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి దేశాంతరాలకు అమ్ముతున్నారు. అమ్మకం పెరిగింది, సంతోషమే. చేసినామె కూలి ఆ మేరకు పెరిగిందా? ఆర్డర్ వాట్సాప్‌లో వస్తుంది, గడువు తగ్గుతుంది, రంగు నచ్చలేదని తిరిగివచ్చిన సరుకు నష్టం ఆమె కూలిలోనే కోసేస్తారు. దళారి చేతిలోకి స్మార్ట్‌ఫోన్ వచ్చినంత మాత్రాన దళారితనం పోదు. ఫోన్ ఆమె చేతిలో ఉండాలి, ఖాతా ఆమె పేరు మీద ఉండాలి, చివరి ధర ఎంతో ఆమెకు తెలియాలి. పదిమంది స్త్రీలు కలిసి ఒక చిన్న సంఘంగా ఏర్పడి, వారిలో చదువుకున్న ఒక అమ్మాయి ఫోటోలు, చిరునామాలు, లెక్కలు చూసుకుంటే భౌగోళిక గుర్తింపు విలువ ఆ గది దాకా చేరుతుంది. ఇందుకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఇంట్లో మగవాళ్లు ఆ ఫోన్‌ను, ఆ ఖాతాను ఆమె సొత్తుగా ఒప్పుకోవడం మాత్రం తప్పనిసరి.

పేరు చూసి తలుపు వేసే కాలంలో

డిగ్రీ చదివి ఉద్యోగం దొరకక బండి మీద ఆహారం మోస్తున్న, కారు నడుపుతున్న యువకులు మన బస్తీలన్నిటా కనిపిస్తారు. వారి యజమాని ఒక యాప్. అది పని ఇస్తుంది, మార్కులు వేస్తుంది, ఒక ఉదయం కారణం చెప్పకుండా ఐడీ ఆపేస్తుంది. ఎదుటివాడు ఇచ్చిన ఒక్క చుక్క గుర్తు వెనుక ఆలస్యం ఉందో, వాన ఉందో, డెలివరీ చేసినవాడి పేరు మీద ద్వేషం ఉందో యాప్‌కు తెలియదు. 2019 జూలైలో జబల్‌పూర్‌లో ఒక వినియోగదారు, ఆహారం తెచ్చేవాడు హిందువు కాదన్న కారణంతో ఆర్డర్‌ను రద్దు చేసుకున్నాడు. జొమాటో సంస్థ ఆ కోరికకు తలొగ్గకుండా, ఆహారానికి మతం లేదని బహిరంగంగా చెప్పింది. అక్కడ నిలబడింది సాంకేతికత కాదు, దాన్ని నడిపే మనుషుల విలువలు. అయితే ద్వేషం బయటకు చెప్పుకున్నప్పుడే మనకు తెలుస్తుంది. నోరు మెదపకుండా తక్కువ రేటింగ్ ఇచ్చినప్పుడు దాన్ని కనిపెట్టేది ఎవరు?

సాంకేతికతనే పేరు బయటపెట్టే పరికరంగా మలచిన ఉదాహరణా మన ముందుంది. కావడి యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలు యజమానుల పేర్లు ప్రదర్శించాలన్న ఆదేశాలను సుప్రీంకోర్టు 2024 జూలై 22న తాత్కాలికంగా నిలిపివేసింది. మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్‌లో అదే దారిలో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి, వాటిని స్కాన్ చేస్తే యజమాని వివరాలు తెలుస్తాయి. 2025లో కోర్టు, చట్టప్రకారం లైసెన్సు ప్రదర్శించాలని చెప్పి మిగతా అంశాల జోలికి పోలేదు. సొమ్ము అందుకోవడానికి పుట్టిన గళ్ల చదరం మనిషిని వేరు చేయడానికీ పనికివస్తుందని అందరికీ అర్థమైంది.

చట్టం మెల్లగా కదులుతోంది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి తొలిసారి గిగ్ కార్మికులను గుర్తించింది, యాప్ సంస్థలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వారి సంక్షేమానికి ఇవ్వాలంది. అది అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో ప్రత్యేక చట్టాలు చేశాయి. పని నుంచి తొలగించే ముందు రాతపూర్వక కారణం, 14 రోజుల నోటీసు ఉండాలని కర్ణాటక చట్టం అంటోంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. రేటింగ్‌ల ద్వారా మత, కుల వివక్ష జరిగిందన్న ఫిర్యాదును ఒక మనిషి విని తేల్చే ఏర్పాటు ఇలాంటి ప్రతి చట్టంలోనూ స్పష్టంగా ఉండాలని మన సంఘాలు పట్టుబట్టాలి.

రాతకు ఒక ధర్మం

లావాదేవీని రాతలో పెట్టడం మనకు కొత్త పాఠం కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన వాక్యం, అల్ బఖరా సూరా 282వది, అప్పును రాసుకోవడం గురించే. అందులోని ఏర్పాటును నేటి కళ్లతో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రాసేవాడు న్యాయంగా రాయాలి, రాయనని తప్పించుకోకూడదు. రాయవలసిన మాట చెప్పేది అప్పు ఇచ్చినవాడు కాదు, బాధ్యత మోసేవాడు. అతను చెప్పలేని బలహీనుడైతే అతని తరఫున సంరక్షకుడు న్యాయంగా చెప్పాలి. మొత్తం చిన్నదైనా విసుగు పడకూడదు. సాక్షులుండాలి, రాసినవాడికీ సాక్షికీ హాని జరగకూడదు.

ఈ రోజు మనం ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో నొక్కే ఒప్పందాలను దీని పక్కన పెట్టి చూడండి. బాధ్యత మోసేవాడు ఒక్క మాటా చెప్పలేదు, చదవనూ లేదు, చదివినా అది అతని భాషలో లేదు. బలహీనుడి తరఫున మాట్లాడే సంరక్షకుడు లేడు. రాతపరికరం మారింది కానీ రాతకు ఉండవలసిన ధర్మం మారలేదు. ఈ కొలతతో చూస్తే ఏ సాంకేతికత న్యాయమైనదో తేల్చుకోవడం మనకు కష్టం కాదు.

మన చేతుల్లో ఉన్న పని

ప్రభుత్వాల మీద ఒత్తిడి కొనసాగుతూనే ఉండాలి. ఈలోపు మనం చేయగలిగినవి ఉన్నాయి. మసీదు కమిటీలు, విద్యాసంఘాలు వారానికి ఒక సాయంత్రం సహాయ కేంద్రం నడపవచ్చు. జీఎస్టీ పరిమితి, ఉద్యమ్ నమోదు, ఈ-శ్రమ్ కార్డు, ఆగిపోయిన ఖాతాకు రాయవలసిన అర్జీ, సైబర్ మోసం జరిగిన వెంటనే చేయవలసిన 1930 ఫోన్, ఈ అయిదింటిని ఓపికగా చెప్పగల ఇద్దరు చదువుకున్న యువకులు, ఇద్దరు యువతులు ఉంటే చాలు. కామర్స్ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలకు ఇది ఉపాధి కూడా. పది దుకాణాలకు నెలవారీ లెక్కలు రాస్తే వారికి సంపాదన, వ్యాపారులకు నిశ్చింత.

నేర్పేవారు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. యాభై ఏళ్లు దాటిన వ్యాపారి ఫోన్ చూసి వెనుకాడితే అది తెలివి లేకపోవడం కాదు. తప్పు నొక్కితే సొమ్ము పోతుందన్న భయం అతనిది, ఆ భయానికి కారణాలున్నాయి. అతని చేతిలో నుంచి ఫోన్ లాక్కొని మనమే నొక్కేస్తే ఆ పూట పని అవుతుంది గానీ, అతను రేపు మళ్లీ మన మీదనే ఆధారపడతాడు. పది రూపాయలతో నాలుగుసార్లు అతని చేతనే చేయించాలి.

సాంకేతికత మన వీధుల్లోకి ఎలాగూ వచ్చేసింది. అది అప్పులవాడిలా వచ్చిందా, పనికివచ్చే స్నేహితుడిలా వచ్చిందా అన్నది, దాని గురించి అడిగే హక్కు మనకు ఎంత ఉంది, అడగగల చదువు మనలో ఎందరికి ఉంది అన్నదాని మీద ఆధారపడుతుంది. హక్కు కోసం చట్టసభల తలుపు తట్టాలి. చదువు కోసం మన బస్తీల తలుపులు మనమే తెరవాలి. ఈ రెండు పనుల్లో ఏ ఒక్కటి ఆగినా రెండోది సగమే మిగులుతుంది.